ఫోని తీరంలో పిలుపు

ఫోని తీరం పేరెత్తితే మా లిథ్రి దీవిలో ముసలాళ్ళు మాట మార్చేస్తారు. ఫోని అంటే మా భాషలో గొంతు. పగలు చూస్తే అంత అందమైన చోటు మా దీవిలో ఇంకోటి లేదు. తెల్లటి గులకరాళ్ళు, అడుగు కనిపించే నీళ్ళు, వెనకాల ఎర్రకొండ, ఆ కొండలో నోరు తెరిచినట్టు ఒక గుహ.

కానీ పొద్దు కుంకాక అక్కడ ఎవరూ లంగరు వెయ్యరు.

చీకట్లో పడవ ఆ పక్కనుంచి పోతుంటే గుహలోంచి గొంతు వస్తుంది... ఒక్కోసారి మూలుగు, ఒక్కోసారి ఏడుపు. పిలిస్తే పలక్కూడదు. తిరిగి చూడకూడదు. శిలువ గుర్తు వేసుకుని, ఇంజను జోరు పెంచుకుని వెళ్ళిపోవాలి. సముద్రం అడుగున స్పాంజీలు కొయ్యడానికి మునిగి తేలని వాళ్ళు ఏడుగురున్నారట అక్కడ. పలికినవాడు ఎనిమిదోవాడవుతాడట. మా తాత ఇదే చెప్పాడు, మా నాన్నా ఇదే చెప్పాడు. మేం నమ్మాం.

ఇప్పుడు చెప్పేది పాంతెలికి జరిగింది. చాలావరకు అతని నోటి నుంచి విన్నదే. కొంత నేను కళ్ళారా చూశాను.

పాంతెలిది యాత్రికుల పడవ. పొద్దున్నే రేవులో ఎక్కించుకుని ముందు ఆకుపచ్చ గుహకి, తర్వాత మూడొందల మెట్ల మఠానికి, మధ్యాహ్నం మునిగిపోయిన పాత ఊరి గోడలు చూపించడానికి, సాయంత్రం ఫోనికి తీసుకెళ్ళేవాడు. అక్కడ గంటసేపు ఈతలు. సూర్యుడు నీళ్ళని తాకకముందే అందర్నీ పడవెక్కించేసేవాడు. వచ్చినవాళ్ళకి మాత్రం కావాల్సిందే ఆ సూర్యాస్తమయం. "ఇంకొక్క అరగంట, కెప్టెన్!" అని బతిమాలేవాళ్ళు. అతను వినేవాడు కాదు. ఆ ఏడాది పక్క దీవి నుంచి పెద్ద పడవొకటి వచ్చి, దూరంగా సముద్రంలో నిలబడి మరీ సూర్యాస్తమయం చూపించడం మొదలెట్టింది. పాంతెలి పడవలో బెంచీలు ఖాళీ అవుతూ వచ్చాయి.

అతనికి చిన్నప్పట్నుంచీ స్నేహితుడు స్టమాతి. రేవులో ఇంజన్లు బాగుచేసేవాడు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. దీవిలో ఉన్న ప్రతి పడవ ఇంజనూ ఎప్పుడో ఒకప్పుడు అతని చేత్తో విప్పిందే.

సెప్టెంబరు చివర్లో ఒక మంగళవారం. కాఫీ కొట్లో అందరం ఉన్నాం.

"ఇంజను దగ్గుతోందిరా స్టమాతీ," అన్నాడు పాంతెలి. "అదీ ఫోని దగ్గరికి రాగానే. అక్కడే ఎందుకు దగ్గుతుందంటావ్?"

"అక్కడే నువ్వు భయంతో దాని పీక నొక్కుతావ్ గనక."

అందరం ఘొల్లుమన్నాం. పాంతెలి మొహం ఎర్రబడింది.

"నవ్వరా, నవ్వు. నీకేం, ఒడ్డున కూర్చుని నట్లు బిగించుకుంటావ్. చీకట్లో అటుగా ఒక్కసారి రా, తెలుస్తుంది."

స్టమాతి ఖాళీ ఊజో సారా సీసా తీసి మూతి దగ్గర పెట్టుకుని ఊదాడు. ఊఁ... అని లోతుగా ఒక మూలుగు. కొట్లో ఉన్నవాళ్ళందరి నవ్వూ ఠక్కున ఆగిపోయింది. ఎంతమంది ఒళ్ళు జలదరించిందో నేను లెక్కపెట్టలేదు గానీ, నాది జలదరించింది.

"ఇదీ మీ దెయ్యం," అన్నాడు. "గుహ పైకప్పులో కంత ఉంది. మనిషి తల పట్టేంత. ఉత్తరగాలి అందులోంచి దూరినప్పుడల్లా ఊదుతుంది. అంతే."

"మరి పేరుపెట్టి పిలుస్తుందంటారు?" అన్నాడు పాంతెలి.

"భయపడ్డవాడికి కుక్క మొరిగినా తన పేరే వినిపిస్తుంది."

వెళ్తూ వెళ్తూ స్టమాతి చెప్పాడు — రేపటి ఓడలో పిరేయస్ పట్నం పోతున్నాననీ, సామాన్లు కొనుక్కుని వారానికి గానీ రాననీ. పాంతెలి భుజం తట్టి, "నేనొచ్చేసరికి నీ దగ్గు కుదురుతుందిలేరా," అన్నాడు.

మర్నాడు బుధవారం. ఆ రోజు పాంతెలి పడవలో పదకొండుమందే ఉన్నారు. మఠం దగ్గర ఇంజను మొరాయించింది. బాగుచేసేవాడు ఊళ్ళో లేడాయె. ఎలాగో తంటాలుపడి బయల్దేరేసరికి చీకటి పడిపోయింది. ఇంటికి రావాలంటే ఫోని ముందునుంచే రావాలి.

గాలి లేదు. నీళ్ళు నూనెలా ఉన్నాయి. ప్రయాణికులు అలిసిపోయి మాటల్లేకుండా కూర్చున్నారు. ఎర్రకొండ నల్లగా దగ్గరికొస్తోంది...

ఇంజను దగ్గింది. ఒకసారి. రెండోసారి.

అప్పుడు వినబడింది.

"పాంతెలీ..."

మూలుగు కాదు. ఏడుపూ కాదు. బొంగురు గొంతు, రాళ్ళకి తగిలి రెండు మూడు ముక్కలై వస్తోంది.

"పాంతెలీ... లీ... లీ..."

ముందు బెంచీలో ఒకావిడ లేచింది. థెస్సలోనికి నుంచి వచ్చిన టీచరమ్మ, పేరు ఫెవ్రోనియా. "కెప్టెన్, మిమ్మల్నెవరో పిలుస్తున్నారు," అంది.

"పలక్కండి!" గుసగుసగానే కసిరాడు. "కూర్చోండి. ఎవరూ అటు చూడకండి."

"కానీ—"

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను. కూర్చోండి."

ఇంజను జోరు చివరికంటా పెంచాడు. వెనకాల ఆ గొంతు ఇంకా ఏదో అంది. ఇంజను మోతలో కలిసిపోయింది. రేవు చేరేదాకా అతను వెనక్కి తిరగలేదు. ఇంటికెళ్తే ఏమైందని భార్య అర్గిరో అడిగిందట. దానికి నా పేరు తెలుసు... నా పేరు తెలుసు... అని మాత్రం అన్నాడట. ఆవిడ నూనె దీపం వెలిగించి, అతని నుదుట నూనెతో శిలువ గీసి పడుకోబెట్టింది.

గురువారం అతను ఫోనికి వెళ్ళనే లేదు. సముద్రం వైపు చుట్టూ తిరిగొచ్చాడు.

శుక్రవారం పొద్దెక్కాక ఉత్తరగాలి లేచింది. మూడు రోజులు ఒక్క పడవ కదల్లేదు. ఓడలు రాలేదు. యాత్రికులు గదుల్లో చిక్కుకుపోయారు.

ఆదివారం సాయంత్రం టీచరమ్మ వెతుక్కుంటూ పాంతెలి ఇంటికి వచ్చింది. గాలికి జుట్టంతా రేగిపోయి ఉంది. గుమ్మంలోనే నిలబడింది.

"నాలుగు రోజులుగా నిద్రపట్టడం లేదు," అంది. "ఒకటి అడుగుతాను, నవ్వకండి."

"నవ్వే ఓపిక నాకు లేదమ్మా. అడగండి."

"ఆ రాత్రి మీరు కసిరాక నేను పడవ వెనక వైపుకి వెళ్ళి కూర్చున్నాను. మీ పేరు తర్వాత ఆ గొంతు ఇంకొక మాట అంది. పిల్లలు చివరి వరసలోంచి గొణిగినా వినడం అలవాటు నాకు."

"ఏమంది?"

ఆవిడ గొంతు తగ్గించింది.

"కాలు... అంది. 'నా కాలు' అని. దెయ్యానికి కాలు నొప్పి పుడుతుందా, కెప్టెన్?"

పాంతెలి కోటు తీసుకుని, లాంతరు తీసుకుని, నేరుగా మా ఇంటికొచ్చి తలుపు బాదాడు.

"యకూమీ, లే. కొండదారిన ఫోనికి పోదాం."

"ఈ గాలిలోనా? పిచ్చెక్కిందా నీకు?"

"ఎక్కితే ఎక్కింది. నడు."

ఒంటరిగా పంపలేకపోయాను. మేకలు తిరిగే దారి అది. గాలి మమ్మల్ని కొండ మీంచి ఊడ్చేస్తుందేమో అన్నట్టుంది. నేను మాటిమాటికీ వెనకబడ్డాను. గాలికే అనుకున్నాడో, భయానికే అనుకున్నాడో పాంతెలి... అడగలేదు.

కొండ అంచుకి వచ్చాం. కింద అలలు విరిగిపడుతున్నాయి. ఉత్తరగాలి ఎదురుగా గుహ మీదికే కొడుతోంది.

పాంతెలి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"విను," అన్నాడు.

విన్నాను. అలల హోరు. గాలి. అంతే.

"గుహ ఊదడం లేదు," అన్నాడు. "ఇంత గాలికి... ఊదడం లేదు."

ముందు పైకప్పు మీది కంత దగ్గరికి దిగాం. లాంతరు పైకెత్తాడు. కంత లేదు. ఉన్నచోట సిమెంటు పూసి ఉంది. పాత వలలు కుక్కి, రాళ్ళు పేర్చి, పైన నున్నగా మెత్తారు. అరచేత్తో రుద్దిన గుర్తులు కూడా గట్టిపడిపోయి ఉన్నాయి. పక్కనే సగం వాడిన సిమెంటు సంచి, తాపీ, నూనె మరకలున్న టోపీ.

ఆ టోపీ ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

"పిరేయస్ వెళ్ళాడుగా," అన్నాడు పాంతెలి, నాతో కాదు. "వాడు పిరేయస్ వెళ్ళాడు. నాతోనే చెప్పాడు..."

అక్కణ్ణుంచి కిందికి రాళ్ళు జారిన చార కనిపించింది.

స్టమాతి గుహ ముందర ఒక బండకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కుడికాలు తొడ దగ్గర తిరగకూడని వైపుకి తిరిగిపోయి ఉంది. బెల్టుతో కట్టుకున్నాడు. నీళ్ళ సీసా ఖాళీ. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. పడ్డచోటు నుంచి ఆ బండదాకా, గులకరాళ్ళ మీద, అతను పాక్కుంటూ వచ్చిన దారి. సముద్రం బాగా కనిపించే చోటికి వచ్చి కూర్చున్నాడు.

పాంతెలి పక్కన కూలబడి, అతని చెంపలు తడుతూ, "పలికానురా... ఇదిగో, పలికాను... స్టమాతీ, పలికానురా," అని అంటూనే ఉన్నాడు. ఆ చెంపలు రాళ్ళకన్నా చల్లగా ఉన్నాయి. నేనూ ముట్టుకున్నాను.

బుధవారం తెల్లవారుజామున అతను ఓడెక్కలేదు. ఎవరికీ చెప్పకుండా సిమెంటు సంచి భుజానేసుకుని కొండెక్కాడు. ఆ కంత మూసేస్తే గుహ నోరు మూస్తుంది, పాంతెలి భయం పోతుంది, సూర్యాస్తమయం దాకా పడవ నిలుపుకుంటాడు. స్నేహితుడికి చెయ్యబోయిన సాయం అది. పని పూర్తిచేశాకే జారాడు. అంటే పాంతెలి అటుగా వచ్చిన రాత్రికి ఆ గుహకి గొంతే లేదు.

డాక్టరు చూసి, శుక్రవారం దాకా, బహుశా శనివారం దాకా ప్రాణం ఉండి ఉంటుందన్నాడు.

శవాన్ని మట్టిచేసి వచ్చాక కాఫీ కొట్లో కూర్చున్నాం. అప్పుడు గాలాల పడవ లంబ్రో, కప్పులోకి చూస్తూ, మెల్లగా అన్నాడు.

"నన్నూ పిలిచాడు. గురువారం రాత్రి."

అందరం తలలెత్తాం.

"పేరుతోనా?"

"పేరుతోనే."

"నన్ను బుధవారం," అన్నాడు మూలనుంచి ముసలి వ్రెత్తో. "పాంతెలి కన్నా ముందే. మా అబ్బాయి పేరు కూడా కలిపి పిలిచాడు."

ఒక్కొక్కరే బయటపెట్టారు. ఐదు పడవలు. ఐదూ వేగం పెంచుకుని పోయాయి. ఆ గొంతుకి మా పేర్లెలా తెలుసని వణికిపోయాం గానీ... దీవిలో ప్రతి ఇంజనునీ విప్పి బిగించినవాడికి, చీకట్లో మోత వింటే ఏ పడవ ఎవరిదో తెలియదా? ఆ బండకి ఆనుకుని ఒక్కొక్క చప్పుడునీ గుర్తుపడుతూ, ఒక్కొక్కర్నీ పేరుపెట్టి పిలిచాడు.

పాంతెలి ఆ మాటలన్నీ విని లేచి వెళ్ళిపోయాడు. పడవ ఒడ్డుకి లాగేశాడు. మళ్ళీ నీళ్ళలోకి దించలేదు. ఇప్పుడు వీధిలో ఎవరు పిలిచినా ఉలిక్కిపడి, "ఆఁ, వస్తున్నా!" అని అరుస్తాడు. ఎవరూ పిలవకపోయినా అరుస్తాడు. అర్గిరో వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది.

ఫోనికి ఇప్పుడు పెద్ద పడవ వస్తోంది. సూర్యాస్తమయం దాకా ఉంటున్నారు. గుహ చల్లగా, చడీచప్పుడు లేకుండా ఉంటుంది.

ఇదంతా విన్నవాళ్ళు నన్ను ఒకటి అడుగుతారు — యకూమీ, నీకూ పడవ ఉంది కదా, మఠానికి నీళ్ళూ కూరలూ మోసేవాడివి కదా, నిన్ను పిలవలేదా?

లేదనే చెబుతూ వచ్చాను. పాంతెలికీ అదే చెప్పాను.

శుక్రవారం పొద్దున, గాలి లేవకముందు, అటుగా వచ్చాను. చీకటి కాదు. ఎండ కొండ మీద పరుచుకుని ఉంది. గొంతు పిల్లి కూతలా సన్నగా వచ్చింది... "యకూమీ" అని. నేను శిలువ గుర్తు వేసుకున్నాను. అయినా ఉండబట్టలేక చూశాను. బండ పక్కన ఒక చెయ్యి లేచి ఉంది. మనిషి చెయ్యే. ఊగుతోంది.

నేను మొహం తిప్పుకుని ఇంజను జోరు పెంచాను.