ప్లంబర్ అని సేవ్ చేసిన నంబర్

తన్మయి పరిగెడుతోంది.

చేతిలో ఫోన్. ఆమెది కాదు... జనార్దనరావు అంకుల్‌ది! సిడ్నీలో ఓ తెలుగు సంఘానికి ఆయన ప్రెసిడెంట్. రేపు పోలింగ్. మళ్లీ ఆయనే గెలవాలట.

వెనక యోగానంద్. ప్రెసిడెంట్ మనిషి.

హారిస్ పార్క్ వీధుల నిండా శనివారం సాయంత్రపు జనం. ఒక్కరూ వాణ్ణి ఆపడం లేదు. పిల్ల పొరపాటున అంకుల్ ఫోన్ పట్టుకుపోతోందని నవ్వుతూ చెప్పుకుంటూ వస్తున్నాడు మరి.

పొరపాటా?

ఫోన్ ఇచ్చింది అంకులే! ఆయనకు తెలుగు టైపింగ్ రాదు. యూనివర్సిటీ క్లాసులు అయ్యాక వచ్చి ప్రచారం పోస్టులు పెట్టమన్నాడు. పాస్‌కోడ్ కూడా ఆయనే చెప్పాడు. ఇవాళ పోస్టు పెడుతుంటే పైనుంచి ఓ మెసేజ్ జారింది.

పంపింది 'ప్లంబర్'.

"సుబ్బుకి జ్వరం ఎక్కువైంది. కాళ్లకి చీము పట్టింది. ఏం చేద్దాం?"

సుబ్బు! ఆమె క్లాస్‌మేట్. ప్రెసిడెంట్ రెస్టారెంట్ కిచెన్‌లో పని. వారం నుంచి కనిపించడం లేదు. మెల్‌బోర్న్ వెళ్లాడని యోగానంద్ చెబితే అందరూ నమ్మారు.

చాట్ పైకి జరిపి చదివింది. కాగే నూనె మీద పడిందట. ఆస్పత్రికి వెళ్తే ఎలా కాలిందని అడుగుతారు, రెస్టారెంట్ పేరు బయటికొస్తుంది, ఎలక్షన్ పోతుంది. అందుకని ప్రెసిడెంట్ ఇంగ్లిష్ అక్షరాల్లో తనే జవాబు కొట్టాడు.

"పోలింగ్ అయ్యేదాకా మన గరాజ్‌లోనే ఉంచు. వీసా పోతుందంటే నోరు మూసుకుంటాడు."

ఏ గరాజ్? అడ్రస్ లేదు. అంబులెన్స్‌ని ఎక్కడికి పంపాలి?

జేబులో ఆమె సొంత ఫోన్ మోగింది. ప్రెసిడెంట్!

"ఫోన్ ఇచ్చెయ్ తల్లీ. నీ పీఆర్ వీసాకి లెటర్ నేనే ఇవ్వాలి, మర్చిపోకు."

"సుబ్బు ఎక్కడ?"

కట్.

ఒళ్లు మండిపోయింది. పీఆర్ అట! అక్కడ మనిషి కుళ్లిపోతుంటే లెటర్ గురించి మాట్లాడుతున్నాడు.

వెంటనే రామ్మోహన్ అంకుల్‌కి కాల్ చేసింది. ప్రెసిడెంట్‌కి పోటీగా నిలబడింది ఆయనే. స్టూడెంట్స్‌ని పట్టించుకోని వాడికి కుర్చీ ఎందుకని మొన్న స్టేజీ మీద నిలదీశాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. విషయమంతా విని, రైల్వే స్టేషన్ దగ్గర ఉండమన్నాడు.

అదిగో... తెల్ల కారు!

దూకి ఎక్కింది. తలుపు వేసుకుంది. అద్దంలోంచి వెనక్కి చూసింది.

యోగానంద్ ఆగిపోయాడు. తీరిగ్గా నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు.

కారు కదిలింది. డోర్లు లాక్ అయ్యాయి.

"బెల్ట్ పెట్టుకోమ్మా," అన్నాడు రామ్మోహన్.

డాష్‌బోర్డ్‌లో చిన్న శబ్దం. స్క్రీన్ మీద అక్షరాలు.

'జనార్దనరావు ఫోన్... కనెక్టెడ్.'

తన్మయి ఆ అక్షరాలు మళ్లీ చదివింది. ఇంతకుముందు ఎప్పుడో జత చేస్తేనే కారు ఫోన్‌ని గుర్తుపడుతుంది. మాటల్లేని మనిషి ఫోన్‌కి ఈ కారులో ఏం పని?

మన గరాజ్ అని కదా రాశాడు... మన అంటే ఇద్దరిదీ!

గరాజ్ ఈయనదే. ప్లంబర్ ఈయనే. స్టేజీ మీద తిట్లు, కింద పొత్తు. ఆ హాల్లో చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టింది తను!

భయం పోయింది. ఒట్టి కోపం మిగిలింది.

రామ్మోహన్ చెయ్యి చాపాడు. "ఆ ఫోన్ ఇటివ్వు."

ఇవ్వలేదు. ఎమర్జెన్సీకి మూడు సున్నాలు నొక్కి ఫోన్‌ని వెనక సీట్లోకి విసిరేసింది. కారు స్పీకర్లన్నీ ఒక్కసారి మాట్లాడాయి. పోలీసా, ఫైరా, అంబులెన్సా?

"అంబులెన్స్!"

కాల్ కట్ చేయడానికి అతని వేలు స్టీరింగ్ మీది బటన్ వైపు వెళ్తోంది. ఆ చెయ్యి పట్టుకుని కసిగా కొరికింది. కారు ఊగి, కీచుమంటూ రోడ్డు పక్కన ఆగింది.

లైన్ మీద ఇంకో గొంతు. ఎక్కడికి రావాలి?

పోయిన నెల ఈయన ఇంట్లోనే బార్బెక్యూకి వెళ్లారు తనూ సుబ్బూ. ఈయనే దగ్గరుండి వడ్డించాడు.

"క్వేకర్స్ హిల్. నైన్, బాటిల్‌బ్రష్ ప్లేస్. గరాజ్ పగలగొట్టండి. కాళ్లు కాలాయి. వారమైంది."

పేషెంట్ ఊపిరి తీసుకుంటున్నాడా అని అడుగుతోంది ఆపరేటర్.

తన్మయి పక్కకి తిరిగింది.

"చెప్పండంకుల్. ఊపిరి తీసుకుంటున్నాడా?"

స్పీకర్లు మళ్లీ అదే అడిగాయి.

రామ్మోహన్ స్టీరింగ్ వదల్లేదు. ఆమె వైపు చూడలేదు.

"పొద్దున చూసినప్పుడు... తీసుకుంటున్నాడమ్మా."