ఒకే గోత్రం

"మా ఇంట్లో పోయినవాళ్ళ లిస్టు కావాలా? చావు పాలసీలు అమ్ముకోవడానికి వచ్చానని ముందే చెప్పొచ్చు కదా!"

గొర్రెను మోకాళ్ళ మధ్య నొక్కిపట్టి బొచ్చు కత్తిరిస్తున్న ఆ మనిషి తల కూడా ఎత్తలేదు.

యోండెలాకు ఒళ్ళు మండింది. ఉమ్‌టాటా పట్నం నుంచి టాక్సీలో నలుగురి మధ్య ఇరుక్కుని త్సోలో దాకా వచ్చి, ఎండలో కొండెక్కింది ఈ మాట పడటానికా?

"పాలసీలు అమ్మను. నేను డాక్టర్ని."

"డాక్టరైతే బతికున్నవాళ్ళ సంగతి అడగాలి."

"సరే, అడుగుతాను. పరిగెత్తితే ఎప్పుడైనా కళ్ళు తిరిగాయా?"

"ఇప్పుడే తిరుగుతున్నాయి," అని విసుగ్గా తలెత్తినవాడు ఆమెను చూసి ఆ చూపు తిప్పుకోవడం మరిచిపోయాడు. ఆ కాస్త సందు దొరికితే చాలన్నట్టు గొర్రె విదిలించుకుని, సగం బొచ్చుతో, సగం బోడిగా, వాకిట్లోకి పరుగు తీసింది.

అతను వెంటపడ్డాడు. రెండు చుట్లు తిరిగినా చిక్కలేదు. మూడో చుట్టులో యోండెలా బ్యాగు కింద పడేసి, దాని వెనక కాలు ఒడుపుగా పట్టి తిరగేసింది.

"కుంబు ఊరి పిల్లని. మా నాన్నకి రెండొందల గొర్రెలున్నాయి," అంది రొప్పుతూ. "నాకైతే కళ్ళు తిరగలేదు."

అతని పేరు సొంగెజో. నవ్వితే చెంపలో సొట్ట పడుతుందని ఆమె అప్పుడే చూసింది. చూసినందుకు తన్ను తానే తిట్టుకుంది.

లోపల అతని నానమ్మ మాద్లొమొ టీ పోసి, ఆవిరి రొట్టె కోసి పెట్టింది. యోండెలా కాగితం పరిచి గీతలు గీయడం మొదలుపెట్టింది. ఒక్కో గీత దగ్గరా ముసలామె గొంతు తగ్గిపోతూ వచ్చింది. భర్త పొలంలో కుప్పకూలాడు, నలభై దాటకుండానే. పెద్దకొడుకు పెళ్ళిలో చిందులేస్తూ పడిపోయాడు. అతని కొడుకు వుయాని రగ్బీ గ్రౌండులో బంతి పట్టుకునే ప్రాణం వదిలాడు. చిన్నకొడుకు, అంటే సొంగెజో తండ్రి మాత్రం గని కూలి చనిపోయాడు.

"ఊళ్ళో శాపమంటారమ్మా."

"శాపం కాదవ్వా. గుండె కండరంలో ఉండే లోపం. తండ్రి నుంచో తల్లి నుంచో పిల్లలకొస్తుంది. ముందే కనిపెడితే కాపాడొచ్చు. నేను వెతుకుతున్నది దాన్నే."

మాద్లొమొ కాగితం మీది గీతలను వేలితో తడిమింది. చివరికి, "ఇంతకీ నీది ఏ గోత్రం తల్లీ?" అంది.

"భెలె."

"ఓరి నాయనో! మాదీ భెలేనే! సొంగెజో, ఇదిగో చూడు, నీ చెల్లెలొచ్చింది!"

గుమ్మంలో నిలబడ్డ సొంగెజో చేతిలో కప్పులోని టీ ఒలికింది. వాళ్ళ తెగలో ఒకే గోత్రమంటే అన్నాచెల్లెళ్ళే. పెళ్ళి మాట అటుంచి, ఆ చూపే తప్పు.

ఆ వసంతంలో యోండెలా ఏడెనిమిదిసార్లు ఆ కొండెక్కింది. ఊరందరి రక్తం తీసింది. ఛాతీలకు వైర్లంటించి గుండె గీతలు తీసింది. ప్రతిసారీ సొంగెజో టాక్సీ స్టాండు దగ్గర తయారు.

"బ్యాగు ఇటివ్వు చెల్లెమ్మా."

"నాకు చేతులున్నాయి అన్నయ్యా."

"ఉంటే ఉన్నాయిలే, ఎవరు కాదన్నారు?"

ఒకరోజు సగం దారిలో వాన పట్టుకుంది. ఇద్దరూ గొర్రెల షెడ్డులో దూరారు. ఆమె తీసిన గుండె గీతల కాగితాలు తడవకుండా అతను తన కోటు కప్పాడు. తను మాత్రం నిలువునా తడిశాడు.

"జలుబు చేస్తుంది," అంది.

"డాక్టరు పక్కనే ఉంది కదా…" చివర్లో చెల్లెమ్మా అనడం మరిచిపోయాడు. ఆమె కూడా గుర్తుచేయలేదు. వాన తగ్గినా ఇద్దరూ కాసేపు కదల్లేదు.

ఫలితాలొచ్చిన రోజు ల్యాబులో యోండెలా కంప్యూటరు ముందు కొయ్యబారిపోయింది. వుయాని చెల్లెలు బబాల్వాకు ఆ లోపం ఉంది. సొంగెజోకు లేదు. అంతవరకు సరే. కానీ సొంగెజో రక్తం ఆ ఇంట్లో తాత వైపువాళ్ళెవరితోనూ కలవడం లేదు. బబాల్వాతో అసలు చుట్టరికమే చూపించడం లేదు.

అతను భెలె కాదు.

ఈ పరిశోధన నడిపించే ప్రొఫెసరమ్మ రెండుసార్లు సరిచూసి కళ్ళజోడు తీసింది. "మనల్ని అడిగింది గుండె గురించి. పుట్టుక గురించి కాదు. ఈ మాట మన నోటి నుంచి రాకూడదు."

"తెలుసు మేడమ్." యోండెలా ఫైలు మూసింది. "ఇంకో మాట. ఆ ఇంటి ఫైలు ఇక నా దగ్గర ఉండకూడదు. ఆ అబ్బాయంటే నాకిష్టం."

ప్రొఫెసరమ్మ తలూపింది. ఫైలు తనవైపు లాక్కుని, "రేపు నేను చెప్తాను. నువ్వు బబాల్వా పక్కన కూర్చో చాలు," అంది.

మర్నాడు వాళ్ళింట్లో ప్రొఫెసరమ్మ చెప్పిన మాటను బబాల్వా బాగానే తట్టుకుంది. గుండె లయ తప్పినప్పుడు షాకు కొట్టి లేపే చిన్న మిషను ఛాతీలో పెడతారంటే, "బ్యాటరీ అయిపోతే?" అని కూడా అడిగింది. తర్వాత యోండెలా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

ఏడవాల్సిన పని లేనివాడు సొంగెజో. అయినా పెరట్లో గోడకానుకుని కూలబడ్డాడు.

"వుయాని పోయాడు. దీనికొచ్చింది. నాకెందుకు రాలేదు? నేనేం పుణ్యం చేశాను?"

యోండెలా అతని పక్కన నేల మీద కూర్చుంది.

"ఇంకొకటి చెప్పాలి. నిన్ను చెల్లెమ్మా అని పిలవడం నావల్ల కావట్లేదు. తప్పని తెలుసు. అందుకే ఇక టాక్సీ స్టాండుకి రాను."

ఒక్క మాట. ఒక్క మాట చెబితే అతని మొహం వెలిగిపోతుంది. ఆ ఒక్క మాటతోనే అతని తాత, తండ్రి, ఇల్లు అన్నీ చేజారిపోతాయి. పెదవి రక్తమొచ్చేలా కొరుక్కుంది.

"నువ్వు నోరు విప్పకు తల్లీ." కర్ర పొడుచుకుంటూ మాద్లొమొ వచ్చింది. "ఇందాక వచ్చిన మీ పట్నం టీచరమ్మ నా కళ్ళలోకి చూడలేకపోయింది. అప్పుడే అర్థమైంది. చెప్పాల్సింది నేను."

ఆమె రాయి మీద కూర్చుంది.

"సొంగెజో, మీ నాన్న నా కడుపున పుట్టలేదురా. మిషన్ ఆసుపత్రిలో వంట చేసే నా నేస్తం పురిట్లో పోయింది. నా పెద్దాడింకా పాలు తాగుతున్నాడు. ఇద్దరికీ ఇచ్చాను. ఆ బిడ్డ తండ్రి లుసికిసికి వైపు న్యావుజా గోత్రం మనిషి. గనికి పోయినవాడు మళ్ళీ రాలేదు. మేకను కోసి, పోయిన మన పెద్దలకు బిడ్డను చూపించి మన గోత్రంలో కలుపుకుందామని మీ తాతంటే నేనే ఆపాను. వాడి వాళ్ళు ఎప్పుడైనా వస్తే ఏం మొహం పెట్టుకుని చెప్పను?"

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వెళ్ళిపోతావని," అంది ముసలామె. ఆ మాటతో ఆమె చిన్నపిల్లలా అయిపోయింది.

అతను నిజంగానే వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాడు. మూడు వారాలు ఫోనెత్తలేదు.

బబాల్వాకు మిషను పెట్టిన నాలుగోరోజు యోండెలా ఆమెను చూడటానికి వార్డుకెళ్ళింది. కిటికీ బయట సన్నగా వాన. మంచం పక్కన మాద్లొమొ. ఆమె చెయ్యి పట్టుకుని సొంగెజో. పక్కన టోపీ పెట్టుకున్న పొడుగాటి ముసలాయన. ఆయన చెంపలోనూ సొట్టే.

"మా తాత తమ్ముడు," అన్నాడు సొంగెజో. "లుసికిసికిలో ఇల్లిల్లూ తిరిగాను. నన్ను చూడగానే ఈయన ఏడ్చేశాడు."

"ఫోనెందుకు ఎత్తలేదు?"

"నేనెవరో తెలియకుండా నీతో ఏమని మాట్లాడను?"

"ఇప్పుడు తెలిసిందా?"

"న్యావుజా వాళ్ళ పిల్లాణ్ణి. ఈ నానమ్మ మనవణ్ణి. రెండూ నేనే." గొంతు సవరించుకున్నాడు. "నువ్వంటే నాకు ప్రాణం యోండెలా. ఇప్పుడు అనొచ్చు కదా?"

ఆమెకు కళ్ళు నిండాయి. "మా నాన్న మహా కోపిష్ఠి. పెళ్ళి మాటలకి కుంబుకొచ్చేటప్పుడు ఈ తాతగారినే ముందు నడిపించు."

బబాల్వా పక్కమీద నుంచే చప్పట్లు కొట్టబోయి, కుట్లు లాగి, "అమ్మో!" అంది. నర్సు కసిరింది.

మాద్లొమొ మాత్రం నవ్వలేదు. మనవడి చెయ్యి తీసి యోండెలా చేతిలో పెట్టింది.

"డాక్టరమ్మా, యాభై ఏళ్ళు నేను మూసిపెట్టిన గుట్టును రెండు చుక్కల రక్తంతో బయటికి లాగావు. ఇంత గొడవ చేసినదానివి, వీణ్ణి ఇక నువ్వే చూసుకో."