గనిలోంచి వచ్చే నవ్వు

బస్సు ఆగీ ఆగకముందే పిల్లలంతా కిటికీల మీద పడ్డారు.

చోడవరంలో పొద్దున్నే బయల్దేరిన ఏడో తరగతి పిల్లలు ఈ పాత మాంగనీసు గనుల ఊరు చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది. రోడ్డు పక్కన చెరువంత గొయ్యి. అడుగున పచ్చటి నీళ్లు. గట్టు మీద తుప్పు పట్టిన పట్టాలు, పక్కనే బోల్తాపడ్డ ఇనప తొట్టి.

“ఆ గొయ్యి సూసేవా?” ఉమామహేష్ పక్క సీట్లోని సఫూరా చెవిలో గుసగుసగా అన్నాడు. “అందులో దెయ్యాలున్నాయంట. ఒళ్లంతా నలుపే. కళ్లూ పళ్లూ మాత్రం తెల్లగా మెరుస్తాయంట. నవ్వుకుంటా పైకొస్తాయంట!”

అదంతా అప్పటికప్పుడు అల్లిన కథే. సఫూరా కళ్లు పెద్దవవుతున్నకొద్దీ వాడికి హుషారు ఎక్కువైంది. దెయ్యాలకు పొడుగాటి గోళ్లు కూడా పెట్టేశాడు.

అందరూ దిగారు. సఫూరా మాత్రం ముందు సీటు కడ్డీ పట్టుకుని కదల్లేదు.

“కడుపు నొప్పి టీచర్. నేను రాను.”

రేవతి టీచర్ ఆ పిల్లకు తోడుగా బస్సులోనే ఉండిపోయింది. మిగతావాళ్లను గౌరీశంకర్ మాస్టారు గట్టు వైపు నడిపించారు. ఉమామహేష్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. రాళ్లంటే సఫూరాకు ప్రాణం. ఈ ట్రిప్ కోసం అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది ఆ పిల్లే.

గట్టు మీద రేకుల షెడ్డు నీడలో నరసమ్మ అనే ముసలావిడ వీళ్ల కోసం కూర్చుని ఉంది. ఆవిడ నాన్న ఈ గనిలోనే పనిచేసేవాడని మాస్టారు చెప్పారు.

“మా అయ్య పొద్దున్న దిగినప్పుడు మామూలు మనిషే బాబూ,” అంది నరసమ్మ. “సాయంత్రం పైకొచ్చేసరికి ఒళ్లంతా నల్లటి దుమ్ము. కళ్లూ పళ్లూ తప్ప ఏటీ అగుపించీది కాదు. అందరూ ఒక్కలాగే ఉండీవోరు. నేనా సిన్న గుంటని, పసిపిల్లని. మా అయ్య ఎవరో నాకేటి తెలుస్తాది?”

“మరెలా పోల్చుకునేవారు మామ్మగారూ?” అని పిల్లలు అడిగారు.

“నవ్వుని బట్టి! నన్ను సూడగానే గొయ్యిలోంచే గట్టిగా నవ్వీవోడు. నేను ఆ నవ్వు కాడికి పరిగెత్తీదాన్ని. ఎత్తుకునీవోడు. నా గౌను కూడా నల్లగా అయిపోయీది. మా యమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టీది!”

ఆవిడతోపాటు పిల్లలంతా పకపకా నవ్వారు. ఉమామహేష్‌కు మాత్రం నవ్వు రాలేదు. నల్లటి ఒళ్లు, తెల్లటి పళ్లు, నవ్వుకుంటూ పైకి రావడం... తను దెయ్యమన్నది ఈవిడ నాన్ననా?

వాడు బస్సు వైపు పరుగు తీశాడు.

“సఫూరా, దెయ్యాలేటీ లేవు. నిన్ను బెదిరిద్దామని ఉత్తినే సెప్పేను. సారీ.”

“నాకు నిజంగానే భయమేసింది తెలుసా?” అంది సఫూరా.

“తెలుసు. తప్పు నాదే. టీచర్, మీరూ రండి. అక్కడో మామ్మగారున్నారు. నేను సెప్పినదాని కన్నా ఆవిడ సెప్పిందే బాగుంది. పైగా నిజం.”

రేవతి టీచర్ లేచి సఫూరాకు చెయ్యి అందించింది. సఫూరా నెమ్మదిగా కడ్డీ వదిలింది.

నరసమ్మ సఫూరాను పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి నుంచీ మళ్లీ చెప్పింది. ఉమామహేష్ ఈసారీ ఒక్క మాట పోనివ్వకుండా విన్నాడు.

“నేనూ అలా పోల్చగలను!” అంటూ సఫూరా కళ్లు గట్టిగా మూసుకుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నవ్వారు. దిలీప్, కీర్తి, బాలు... అందరినీ గుర్తుపట్టేసింది.

చివరకు ఒక చిన్న, బిడియపు నవ్వు వినిపించింది.

“ఉమామహేష్!” అంది సఫూరా. “అలా కాదొరే. మామ్మగారి అయ్యలాగ నవ్వు!”

వాడు గుండెలనిండా గాలి పీల్చుకుని గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు గొయ్యి అవతలి గోడకు తగిలి తిరిగొచ్చింది. నరసమ్మ అరచెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టుకుని, అది ఆగేదాకా వింది.