మైపాడులో పడవ దిగని రోజు

1961 జనవరి 19, గురువారం. ఉదయం 5 గంటల 10 నిమిషాలకు మైపాడు ఒడ్డున ముత్యాలయ్య అనే జాలరిని ఇద్దరు మనుషులు మోకాలి లోతు నీళ్లలో బోర్లా పడేసి, ఊపిరి ఆగేదాకా తొక్కిపట్టారు. సరుగుడు తోపులో వాళ్ల ట్రాన్స్‌మిటర్‌ను అతను చూశాడు. శవాన్ని అలలకు వదిలి వాళ్లు జీపెక్కారు.

ఏడు నలభైకి ఏజెంట్ యెహోషువ నెల్లూరు స్టేషన్‌లో దిగాడు. గుంటూరువాడు, ఉద్యోగం ఢిల్లీలో. నెల్లూరు చూడటం అదే మొదలు. సంచిలో ఎరువుల కంపెనీ కరపత్రాలు, చొక్కా కింద రివాల్వర్, జేబులో ఒక్క గుండు పేల్చే ఫౌంటెన్ పెన్.

ఢిల్లీలో చీఫ్ చెప్పింది తక్కువ.

"శుక్రవారం ఉదయం పదింటికి నెల్లూరు టౌన్ హాల్లో రేడియో ఇంజనీర్ల సదస్సు. మొదటి ప్రసంగం డాక్టర్ సదానందం గారిది. ఆయన కొత్త రాడార్ ఇంకా కాగితం మీదికి ఎక్కలేదు. తలలోనే ఉంది."

"అయితే వాళ్లకు కావలసింది కాగితాలు కాదు."

"మనిషి. ప్రాణాలతో. మనకూ అంతే. ఒకరోజు ముందు వెళ్లు. ఊరు నీ కాళ్లకు తెలియాలి. అక్కడ మన మనిషి జయశీల, సదస్సు రిసెప్షన్ సెక్రటరీ."

స్టేషన్ బయట పోలేరయ్య రిక్షా ఉంది.

"యాడికి సార్?"

"ఎరువుల కంపెనీ పని. ముందు ఊరు చూడాలి."

"ఎరువులమ్మేవాళ్లు పొలాలు చూస్తారు గానీ, ఊరు చూసేదేంది సార్?"

తొమ్మిదింటికి టౌన్ హాల్ చేరారు. తలుపులు ఆరు, వెనక తలుపుకు గడియ లేదు. మెట్ల మీద నల్ల కళ్లద్దాలు, పట్టుచీర.

"మొలకొలుకుల బియ్యం దొరుకుతాయా?" అన్నాడు యెహోషువ.

"పాతవి కావాలంటే ఆగాలి," అంది జయశీల. సంకేతం సరిపోయింది. "డాక్టర్ గారు ట్రావెలర్స్ బంగళాలో ఉన్నారు. సాయంత్రం నేనే కలుపుతాను. అప్పటిదాకా ఊరు చూడండి. ఎటు వెళ్తున్నారు?"

చెప్పాడు.

ట్రంకు రోడ్డు ఆ చివర నుంచి ఈ చివరికి నడిచాడు. పెన్న వంతెన దాకా వెళ్లి వచ్చాడు. ప్రతి మలుపుకూ గడియారం చూసి నిమిషాలు రాసుకున్నాడు. పోలేరయ్య వెనక ఖాళీ రిక్షా తోసుకుంటూ వచ్చాడు.

"ఎక్కకుండా నడిచేదానికి రిక్షా ఎందుకు సార్? నాకు సిగ్గుగా ఉండాది."

ఒంటిగంటకు ఊరి చివర, సముద్రం దారి మొదలయ్యే మైపాడు గేటు దగ్గర ఒక ఐసు లారీ ఆగి ఉంది. ఐసు కరిగి కిందికి కారుతోంది. డ్రైవరు మాల్యాద్రి టీ తాగుతున్నాడు.

"ఏందబ్బయా, ఐసుతోనే మళ్లుకున్నావు?" అన్నాడు పోలేరయ్య.

"చేపలేడివి? మైపాడులో ముత్యాలయ్య పోయినాడు. అల కొట్టిందంట. కృష్ణపట్నం నుంచి కూతురొచ్చి మట్టి చేసిందాకా ఒక్క పడవ దిగదు."

"నలభై ఏండ్లు సముద్రంలో పెరిగినోడు అల కొడితే పోతాడా?"

యెహోషువ ఆ మాట కూడా రాసుకున్నాడు.

తిరుగుదారిలో రిక్షా పట్టని బియ్యం మిల్లు సందులో ఒకడు వెనక నుంచి వచ్చాడు. చేతిలో బస్తాలెత్తే కొక్కెం. మొదటి దెబ్బకు యెహోషువ చెవి తెగింది. రెండో దెబ్బ గోడలో దిగింది. అది ఊడేలోగా యెహోషువ వాడి తలను అదే గోడకు మూడుసార్లు కొట్టాడు. మూడోసారికి వాడి కాళ్లు ఆడటం ఆగింది. వాడి జేబులో సదస్సు పాసు ఉంది. సంతకం జయశీలది.

ఈ సందులో వస్తానని చెప్పింది ఆమె ఒక్కతెకే.

రెండు ఇరవైకి బంగళా చేరాడు. వరండాలో కానిస్టేబుల్ గొంతు కోసి ఉంది. లోపల డాక్టరుగారి కళ్లజోడు నేల మీద పడి ఉంది. వంటమనిషి అల్మారా వెనక నుంచి బయటికొచ్చాడు.

"జయశీలమ్మ, ఒక దొర, ఇంకొకడు. జీపులో తీసకపోయినారయ్యా. ఇప్పుడే, పావుగంట కాలేదు. పడవ రెడీగా ఉండాదని ఇంగ్లీషులో అనుకున్నారు."

పడవంటే ముత్యాలయ్య పోయిన మైపాడే అనుకున్నాడు యెహోషువ. రిక్షా మైపాడు గేటుకు తొమ్మిది నిమిషాల్లో చేరింది. అంతకుముందు అదే దూరం నడకకు ఇరవై ఆరు పట్టింది. మాల్యాద్రి రెండో టీ తాగుతున్నాడు. యెహోషువ రివాల్వర్ చూపించాడు.

"అది చూపించాల్నా సార్? అడిగితే రానా?" అన్నాడు మాల్యాద్రి.

మైపాడు సరుగుడు తోపు చివర లారీ ఆగింది. పడవలు, తెప్పలు అన్నీ ఇసుక మీదే ఉన్నాయి. సముద్రంలో దూరంగా ఒక ఓడ. ఒడ్డున చేతులు కట్టేసిన డాక్టరు, పక్కన జయశీల, అనుచరుడొకడు. వాల్టర్ అనే దొర జాలర్ల మీద పిస్తోలు పెట్టాడు. ఒక జాలరి తొడ పట్టుకుని కూర్చున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది.

ముత్యాలయ్య భార్య గురవమ్మ ముందుకొచ్చింది.

"నా మొగుడు మట్టిలోకి పోకముందు మా మనిషెవడూ నీళ్లల్లోకి దిగడు. కాలుస్తావా? కాల్చు. ఇంకో పీనుగ లేస్తే రేపు కూడా దిగరు."

"ఏమంటోంది?" అన్నాడు వాల్టర్ ఇంగ్లీషులో.

"రారట," అంది జయశీల. "పొద్దున నువ్వు చంపినవాడు ఈ ఊరివాడు. ఒక్కరోజు ఆగలేకపోయావా?"

వాల్టర్ డాక్టరును ఒక తెప్ప మీదికి తోసి తనూ ఎక్కాడు. అనుచరుడు తెప్పను నీళ్లలోకి నెట్టాడు. యెహోషువ తోపులోంచి కాల్చాడు. అనుచరుడు తెప్ప మీద బోర్లా పడ్డాడు. జయశీల పేల్చిన గుండు యెహోషువ ఎడమ భుజంలో దిగింది. అతని గుండు ఆమె మోకాలి చిప్పను పగలగొట్టింది.

సముద్రం తెలియనివాడు నెట్టిన తెప్ప మొదటి అలకు అడ్డం తిరిగింది. రెండో అలకు బోల్తాపడింది. యెహోషువ దూకాడు. రివాల్వర్ నీళ్లలో పోయింది. వాల్టర్ అతని గొంతు పట్టుకున్నాడు. యెహోషువ పెన్ తీసి నొక్కాడు. తడిసింది, పేలలేదు. పాళీని వాల్టర్ కంట్లో దించి, తలను నీళ్లలోకి అదిమి, బుడగలు ఆగేదాకా పట్టుకున్నాడు.

చేతులు కట్టిన డాక్టరు పదిగజాల అవతల మునుగుతున్నారు. యెహోషువ భుజం పనిచేయలేదు.

"వల వెయ్యండి!" అని అరిచింది గురవమ్మ. "కాలు తడవకుండా!"

ముగ్గురు తడి ఇసుక అంచున నిలబడి విసురువలలు వేశారు. మొదటిసారి అనుచరుడి శవం పడింది. రెండోసారి డాక్టరు పడ్డారు. కడుపు నొక్కితే నీళ్లు కక్కారు. తరువాత కళ్లజోడు అడిగారు.

ముత్యాలయ్యను సాయంత్రం ఆరు గంటలకు మట్టి చేశారు. జయశీల పెద్దాసుపత్రిలో పోలీసులకు తన పేరు తప్ప ఏమీ చెప్పలేదు. ఆ పేరూ ఆమెది కాదని తరువాత తేలింది.

శుక్రవారం పదింటికి మొదలుకావలసిన డాక్టర్ సదానందం ప్రసంగం పది ఇరవైకి మొదలైంది. నూట నలభైమంది రేడియో ఇంజనీర్లు కూర్చున్న హాల్లో మైకు పనిచేయలేదు.