ముక్కు మూసుకున్న పిట్టలు

చీఫ్ టేబుల్ మీద పోస్టర్ పరిచాడు. ఏజెంట్ ఒక్కసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

"ఎవరి అక్షరాలో గుర్తుపట్టావా?"

"మా బావవి. ఆయన పోయి ఏడాదైంది సార్."

బావ ఇతని ఒళ్లోనే ప్రాణం వదిలాడు. ఎదుటి మేడ మీంచి వచ్చిన తూటా. వేళ్లకు ఇంకు తడి ఇంకా ఆరలేదు. అప్పుడు గీస్తున్నది ఈ ఫాంటే. ప్రతి అక్షరం నెత్తినా నోరు తెరిచి అరుస్తున్న పిట్ట తల. నాలుగు లైన్లు వరసగా చదివితే కళ్లు తిరుగుతాయి. సర్కస్ పోస్టర్ మీదో, సబ్బు పెట్టె మీదో వేస్తే మాత్రం వీధి చివరి నుంచే పిలుస్తుంది. అందరూ చూస్తారు, ఎవరూ అనుమానించరు. మధ్యమధ్య ముక్కు మూసుకున్న పిట్టలు కొన్ని ఉంటే, వాటి అక్షరాలను ఏరుకుని చదివితే అదే గూఢచారి డిపార్ట్‌మెంట్ సందేశం.

"దీంట్లో ముక్కులన్నీ తెరిచే ఉన్నాయి. సందేశం లేదు" అన్నాడు చీఫ్. "ఈ ఫాంట్ ఇప్పుడు మీ అక్క దగ్గరే ఉంది. ఆమె విదేశీ ముఠాలో చేరింది. ఈ సాయంత్రం మన క్షిపణి శాస్త్రవేత్త సన్మాన సభలో పాడుతోంది. కాల్చెయ్. ఆర్డర్."

"ఎస్ సార్" అన్నాడు. ఆ గొంతు తనది కాదనిపించింది.

వీధి పొడవునా అవే పోస్టర్లు. దాటిన ప్రతి గోడ దగ్గరా వెనక బావ నడుస్తున్నట్టే ఉంది. రెండుసార్లు తిరిగి చూశాడు.

మైక్ మెకానిక్ వేషంలో స్టేజ్ ఎక్కి, మైక్‌లా కనిపించే పిస్టల్‌ను స్టాండ్‌కు బిగించాడు. పచ్చపట్టులో, రవ్వల దుద్దులతో అక్క మెరిసిపోతోంది. కళ్ల కింద నలుపును మాత్రం పౌడర్ దాచలేకపోయింది.

"బావ రాత చదవడం మర్చిపోయావేంట్రా?" పెదవులు కదలకుండా అంది.

ఆమె చూపు వెంట వెనకనున్న బ్యానర్ కేసి చూశాడు. మూడంటే మూడు పిట్టలు ముక్కులు మూసుకున్నాయి. వాటి మీద రంగు ఇంకా తడిగా ఉంది.

పి. యా. నో.

పియానో వాయించే ఆయన చెయ్యి చివరి మీట మీదికి దిగుతోంది. ఏజెంట్ ఒక్క ఉదుటున మూత ఎత్తి లోపల చెయ్యి పెట్టాడు. ఆ మీట సుత్తి తీగకు బదులు అతని వేళ్ల మీద పడింది. దాని అవతలే బాంబు స్విచ్.

ముందు వరసలో బట్టతల పెద్దమనిషి లేచి తలుపు వైపు జారుకుంటున్నాడు.

"అక్కా, ఆ మైక్!"

ఆమె స్టాండ్ నుంచి లాగి గురిపెట్టింది. "కూర్చోండి. పాట ఇంకా మొదలే పెట్టలేదు."

బట్టతల వాడికి బేడీలు పడ్డాక అక్క స్టేజ్ మెట్ల మీద కూలబడింది. "ఆ ముఠా నాయకుడు వాడే. మీ బావను చంపించిందీ వాడే. వాణ్ని పట్టుకోవాలంటే వాళ్ల మనిషిని కాక తప్పలేదురా." దుద్దులు తీస్తూ అంది, "ఆయన ఇంకా గీస్తూనే ఉంటాడు. కలం చప్పుడు వినిపిస్తుంది."

"నాకూనూ."

ఫోన్ మోగింది. చీఫ్.

"కాల్చమన్న ఆర్డర్ ఏమైంది?"

"పిస్టల్ మా అక్క చేతిలో ఉంది సార్. మీరే అడగండి."