పలికిన నాగేశ్వరమ్మ

అమావాస్య నాటి మిట్టమధ్యాహ్నం! చెట్టు నీడ చెట్టు కిందికే ముడుచుకుపోయే వేళ... మనుషులు తిరగని దారుల్లో మరొకటేదో తిరుగుతుందని పెద్దవాళ్ళు తలుపులు మూసుకునే వేళ! నల్లమల కొండల మీద కాటుక పులిమినట్టు ఒక మేఘం. చుక్క వాన లేదు... ఉరుము మాత్రం ఉండుండి గొణుగుతోంది.

మార్కాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. నర్సు చీటీ చూసి గట్టిగా పిలిచింది. "నాగేశ్వరమ్మా!"

ముగ్గురు ఆడవాళ్ళు లేచారు.

నిజం చెప్పాలంటే లేచింది ఇద్దరే. మూడో మనిషిని పక్కనున్న తల్లి మోచేత్తో పొడిచి లేపింది. "నిన్నేనే, లెయ్!" ఆ మూడో మనిషి పేరు ఇంట్లో మంగ, వీధిలో మంగ, గిద్దలూరులో ఆమె చేత జాకెట్లకు మగ్గం పని చేయించుకునే వాళ్ళందరికీ మంగ. నాగేశ్వరమ్మ అన్నది ఆధార్ కార్డులో ఉంటుంది, అప్పుడప్పుడు ఆసుపత్రి చీటీలోకి వస్తుంది, అంతే!

"అయ్యో, ముగ్గురం ఒకటే పేరోళ్ళమా!" అని గాజులు గలగలలాడించుకుంటూ నవ్వింది పామూరు నుంచి వచ్చిన నాగేశ్వరమ్మ. ఆమెకు అక్కడ గాజుల దుకాణం ఉంది. నవ్వితే ఆపుకోవడం ఆమెకు చేతకాదు. మంగను చూసిన వెంటనే "చెల్లీ" అని వరస కలిపేసింది.

ఇంకో నాగేశ్వరమ్మ దర్శి నుంచి కారులో, చేతికర్ర ఊతంగా వచ్చిన పెద్దావిడ. పట్టుచీర లోపల ఒళ్ళు ఎండిన కట్టె. డాక్టర్లు చేతులెత్తేశారని ముఖమే చెబుతోంది. ఆమె మాత్రం నవ్వలేదు. ఇద్దరి ముఖాల్లోకీ మార్చి మార్చి చూసింది... సంతలో కోడిని ఎత్తి బరువు చూసేవాళ్ళు చూసినట్టు!

"ఒక పేరోళ్ళం అంటే ఒక కడుపున పుట్టినట్టే అమ్మా. మీ ఫోన్ నంబర్లు ఇయ్యండి" అంటూ మంగ చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ ఉక్కలోనూ మంగ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. అయినా ఇద్దరికీ నంబరిచ్చింది. మొహమాటం ఎంత పని చేయిస్తుందో!

కొన్నాళ్ళకు పామూరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది గాజుల నాగేశ్వరమ్మ భర్త మల్లయ్య.

"మీ అక్క పోయిందమ్మా!" అని బావురుమన్నాడు. "బంగారంలాంటి మనిషి... దుకాణంలో కూచోని ఉండె. మధ్యాన్నం ఎవరో ఫోన్ చేసి 'నాగేశ్వరమ్మా' అని పిలిచినారు. 'ఆఁ, నేనే' అనింది. అంతే! ఫోన్ చేతిలోనే ఉంది... మనిషి లేదు!"

ఆ మనిషితో కూర్చున్నది ఒక్క పూటే కానీ మంగ సొంత అక్క పోయినట్టే ఏడ్చింది. ఏడుస్తున్నా ఆమెలో భయం ఒక మూల తొలుస్తూనే ఉంది. నా పేరూ అదే కదా... నాకూ మోగుతుందా?

మోగింది!

ఆ వారంలోనే, నడిమధ్యాహ్నం, మగ్గం ముందు కూర్చుని ఉండగా! తెలియని నంబరు. ఏదో బేరం అనుకుని ఎత్తింది. "నాగేశ్వరమ్మా..." పాడుబడిన బావి అడుగు నుంచి వచ్చినట్టున్న మగ గొంతు. ఒక్క క్షణం అది ఎవరి పేరో ఆమెకు తట్టనే లేదు. తర్వాత "ఆఁ... నేనే" అంది. అన్నాక నాలుక కరుచుకుంది! అవతల తడిగుడ్డతో పలక తుడుస్తున్న చప్పుడు... తుడుస్తూనే ఉన్నారు... తర్వాత ఒక బూతు మాట. ఫోన్ ఆగిపోయింది.

మంగ చావలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు, ముద్ద దిగడం లేదు.

సరిగ్గా అప్పుడు దిగింది దర్శి పెద్దావిడ! చేతికర్ర లేదు. పీక్కుపోయిన బుగ్గలు నిండాయి. నెత్తిమీద తెల్లవెంట్రుకల మొదళ్ళలో నలుపు! మంగ తల్లి భాగ్యమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"మన పేరుకే గండం పట్టింది తల్లీ" అంది పెద్దావిడ కళ్ళొత్తుకుంటూ. "పామూరు పిల్లని తినింది. నిన్ను వదుల్తదా? నాకు తెలిసిన స్వామి ఒకాయన ఉండాడు. రేపు అమావాస్య. శాంతి చేయిద్దాం రా."

భయపడిన మనిషికి దారి చూపిస్తే అది ఎక్కడికి పోతుందని అడుగుతుందా? మంగ బయలుదేరింది. భాగ్యమ్మ మాత్రం "నువ్వొక్కదానివే వద్దులే" అని చెప్పులేసుకుంది.

మార్కాపురం దాటాక పాడుబడిన పలకల గని. ఒకప్పుడు ఊళ్ళో బళ్ళన్నింటికీ పలకలిచ్చిన ఆ గుంట ఇప్పుడు నోరు తెరిచిన శవంలా పడుంది. చుట్టూ వ్యర్థపు పలకరాళ్ళు కొండల్లా పోశారు. గాలి వీస్తే అవి ఒకదాని మీద ఒకటి జారి కటకటమంటున్నాయి... ఆకాశంలో మేఘం కమ్మి పట్టపగలే చీకటి ముసిరింది. ఎక్కడో పగటిపూట గుడ్లగూబ కూసింది!

గుంట అడుగున కూర్చుని ఉన్నాడు వాడు! భస్మం పూసిన నల్లటి దేహం, చింతనిప్పుల్లాంటి కళ్ళు. ఊళ్ళో వాళ్ళు వాణ్ణి పలకల స్వామి అంటారు. ఊరందరి పేర్లతో ఆడుకునేవాడు తన పేరు మాత్రం ఎవరికీ చెప్పడు. వాడి ముందు పసుపు, కుంకుమ, నిమ్మకాయలు... నడుమ నీళ్ళు నింపిన మనిషి కపాలం! ఒళ్ళో పలక. దాని మీద ఎముక బలపంతో రాసిన ఒకే ఒక్క పేరు... నాగేశ్వరమ్మ!

మంగకు ఆ క్షణాన అర్థమైంది. ఫోన్లో గొంతు వీడిదే! వెనక్కి తిరిగి పరుగెత్తబోయింది. వాడు చెయ్యెత్తేసరికి తల్లీకూతుళ్ళ కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి.

"పలికినావు... అయినా అక్షరం చెరగలేదు!" వాడు పళ్ళు కొరికాడు. "నా యాభై ఏండ్ల సాధనలో ఇట్ల జరగలేదు! పామూరుదాని ప్రాణంతో పాటు నీ ప్రాణం గూడా ఈయమ్మకు ఇస్తానని మాటిచ్చినా. ఈసారి నా కండ్లముందర పలుకు!"

పెద్దావిడ తలదించుకుంది. "బతకాలని ఉంది తల్లీ... ఏమనుకోవాకు" అని గొణిగింది.

"నాగేశ్వరమ్మా!"

గని గోడలు ఆ పేరును పట్టుకుని తిరిగి విసిరాయి. మంగ పెదాలు బిగబట్టింది.

"నాగేశ్వరమ్మా!!"

కపాలంలో నీళ్ళు సలసల కాగాయి. మంగ నాలుక దానంతట అది కదలబోయింది. రెండు చేతులతో నోరు మూసుకుంది.

వాడికి సహనం నశించింది. ఇక్కడే ఆ మూర్ఖుడు తప్పుచేశాడు! "ఒసేయ్ నాగేశ్వరమ్మా! నోరు తెరువే!!"

"ఎవడ్రా అది?"

మాట మంగ నోటి నుంచే వచ్చింది. గొంతు మంగది కాదు! గరగరలాడే ముసలి గొంతు! మంగను ఎవరో లోపల ఒక చీకటి మూలకు నెట్టేసి నడిమధ్యన కూర్చున్నారు. తన నడుం వంగింది. తన చెయ్యి కొంగు దోపుకుంది. తన కళ్ళలోంచి ఇంకెవరో చూస్తున్నారు! మంగ అరిచింది. ఆ అరుపు ఆమెకే వినపడలేదు.

భాగ్యమ్మ నెత్తిమీద కొంగు కప్పుకుంది. "అత్తా..."

అవును, ఆమె అత్త నాగేశ్వరమ్మ! మంగ పుట్టకముందే పోయిన నాయనమ్మ! ముసలమ్మ పేరు నిలబెట్టాలని మనవరాలికి పెట్టారు. పెట్టారే గానీ పిలిచేదెవరు? అత్త పేరు కోడలు నోట పలకకూడదు. తల్లి పేరు పెట్టి కూతురిని తిట్టడానికి కొడుక్కి నోరు రాదు. అందుకే పిల్ల మంగ అయింది. ఆ పేరు ఆ ఇంట్లో ఇంకా ముసలమ్మదే!

"నా మొగుడు కూడా నన్ను పేరుపెట్టి పిలవలేదురా" అంది మంగ నోటితో ముసలమ్మ, ఒక్కో అడుగు ముందుకేస్తూ. "నువ్వు ఒసేయ్ అంటివే!"

"ఓం... హ్రీం..." వాడి మంత్రం గొంతులోనే తడబడింది. కపాలం ఫటేలున పగిలింది!

"ప్రాణం ఇయ్యమని పిలిచినావు, వచ్చినా. చచ్చినదాని కాడ ప్రాణం యాడుంటుందిరా? పిలిచినోడివి నువ్వే ఇయ్యాల!"

వాడి చెయ్యి తడిగుడ్డ అందుకుంది. వాడు అందుకోలేదు... చెయ్యే అందుకుంది! "వద్దు! వద్దు!" అని రెండో చేత్తో పట్టుకుని లాగాడు. ఆగలేదు. గుడ్డ పలక మీద పాకింది. ఒక అక్షరం చెరిగింది, వాడి చూపు పోయింది! మరొకటి చెరిగింది, మాట పోయింది! ఆఖరి అక్షరం చెరిగేసరికి నెత్తిమీద ఉరుము ఫెళ్ళున పేలింది. పైనున్న పలకరాళ్ళ గుట్ట ఒక్కసారిగా జారి వాడి మీద కూలింది. దుమ్ము అణిగాక చూస్తే ఒక్క వేలు కూడా బయట లేదు.

దర్శి పెద్దావిడ బుగ్గలు కళ్ళముందే పీక్కుపోయాయి. "నీకు రాసిపెట్టిన దావన నువ్వు పో" అంది ముసలమ్మ. పెద్దావిడ పాక్కుంటూ కారు వైపు వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది అత్తాకోడళ్ళు.

"చానా కాలానికి పిలిచినారు" అంది ముసలమ్మ, పలకరాయి మీద చతికిలబడి. "ఈ ఒళ్ళు బాగుంది. ఉంటా."

లోపల మంగ విలవిల్లాడింది. మంత్రగాడు చచ్చాడని మురిసేలోపు ఇదొకటా! ఆ చీకటి మూల ఇంకా చిన్నదవుతోంది...

"నా బిడ్డని నాకియ్యండి అత్తా!" భాగ్యమ్మ కాళ్ళమీద పడింది.

"దాని పేరు చెప్పి పిలువు. ఇస్తా. పెట్టిన పేరు!"

భాగ్యమ్మ నోరు తెరిచింది. ఆ పేరు పెదాల దాకా వచ్చింది... ఆగిపోయింది. కన్నీళ్ళు తుడుచుకుని తలెత్తి చూసింది.

"చచ్చినా పిలవనత్తా. ఆ పేరు మీది. అది మీ ఒక్కరిదే. నేను కన్నది మంగని. నాకు మంగ కావాల."

ముసలమ్మ వంగి కోడలి ముఖంలోకి చూసింది. గని మొత్తం చెవులు రిక్కించినట్టుంది. తర్వాత మంగ పెదాల మీద ముడతలు పడిన నవ్వొకటి పాకింది.

"మర్యాద తెలిసిన దానివే" అంది. "పిలుచుకో."

"మంగా!"

మంగకు అది ఎక్కడో దూరాన వినిపించింది. నాలుక తనది కాదు, పెదాలు తనవి కావు. ఇన్నాళ్ళూ పలికితే పోతానని భయపడిన మనిషి, పలకకపోతే ఇక్కడే ఉండిపోతానని గింజుకుంది!

"మంగా! తల్లీ, మంగా!"

"ఆఁ... అమ్మా!"

భాగ్యమ్మ కూతురిని గుండెలకు హత్తుకుంది. వాన మొదలైంది. తడుస్తూనే రోడ్డు మీదికి వచ్చి ఆటో ఎక్కారు. గిద్దలూరు చేరేదాకా ఆ తల్లి కూతురి చెయ్యి వదల్లేదు. దారి పొడుగునా "మంగా" అని పిలుస్తూనే ఉంది. మంగ పలుకుతూనే ఉంది. ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి వింతగా చూస్తే కూడా ఆ తల్లి ఆపలేదు.

"ఇంకొక్కసారి పలుకమ్మా" అంది.