బీపీ మాత్రలు

తను పనిచేసే మిల్లు సైరన్ మోగినా హరికృష్ణన్ చాప మీద నుంచి లేవలేదు. కళ్లు తెరుచుకునే గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య సుగంధి దగ్గరికొచ్చి చూసింది. రెండేళ్ల కిందట కూడా అతను ఇలాగే పడుకున్నాడు. అప్పుడు గవర్నమెంటు ఆస్పత్రికి గురువారాల్లో వచ్చే మనసు డాక్టరమ్మ మాత్రలిచ్చి, మళ్లీ మనిషిని చేసింది. తళవాయిపురం కంపెనీలకు నైటీలు కుట్టీ కుట్టీ నడుం విరిగిన సుగంధి, మాత్రలు అతనే వేసుకుంటున్నాడనుకుని ఈమధ్య డబ్బా చూడనేలేదు.

ఇప్పుడు చూస్తే ఖాళీగా ఉంది.

"అత్తా, ఈయన మాత్రలేవీ?"

రంగమ్మాళ్ చింతపండు గింజలు తీస్తూ తలైనా ఎత్తలేదు. "నేనే పారేసినాను. పోయిన నెల వాకిటికొచ్చిన నర్సమ్మ వాడికీ బీపీ చూసింది. ఏమీ లేదనింది. లేని రోగానికి మాత్రలేంటికి? వాడూ సరి అనినాడు."

సుగంధి ఖాళీ డబ్బాకు మూత పెట్టింది. అత్తతో అవి బీపీ మాత్రలని చెప్పింది తనే. ఎవరిని తిట్టగలదు?

"అవి బీపీవి కావత్తా. మనసుకు."

"నా కొడుకు పిచ్చోడా?"

"పిచ్చి కాదు, జబ్బు. మీకు బీపీ వచ్చినట్టే."

"నాతో ఏంటికి దాచినావు? ఈ ఇంట్లో నేనెవురు?"

"చెప్తే మీ కూతురు చిత్రకు సంబంధాలు రావని మీరే ఏడ్చేవాళ్లు! గవర్మెంటు డాక్టర్ను పెట్టింది, మాత్రలు ఊరికే ఇస్తాది. ఆ మెట్లెక్కనే మనకు మొహం చెల్లలేదు. కొంగు కప్పుకొని దొంగ మాదిరి పోయి తెచ్చినాను. అలిసిపోయినానత్తా."

రంగమ్మాళ్ చేతులు ఆగిపోయాయి. గోడవైపు తిరిగిన కొడుకు వీపు చూసింది.

"మీ మామా ఇట్లే పడుకొనుండినాడు" అంది. "కడుపునొప్పి తాళలేక బావిలో పడినాడని ఊరంతా చెప్పినాను. అందరూ నమ్మినారు. చెప్పీ చెప్పీ నేనూ నమ్మినాను."

కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "ఈరోజు గురువారమే కదా? వాడికి చొక్కా తియ్యి."

ఆస్పత్రి వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. చిత్రను చూసి వెళ్లిన చోళపురం పెళ్లికొడుకు మేనత్త ఇందిరాణి ఆ వరసలోంచే పలకరించింది.

"ఏమక్కా, బీపీ మాత్రలకా?"

సుగంధి అత్త కొంగు పట్టి లాగింది. అవునంటే చాలు, గండం గడుస్తుంది.

"లేదమ్మా" అంది రంగమ్మాళ్. "నా కొడుక్కి మనసు బాగలేదు. ఆ డాక్టర్ను చూడను వచ్చినాము."

ఇందిరాణి "అట్లనా" అని ముందుకు జరిగింది. మళ్లీ తిరిగి చూడలేదు.

"అత్తా, సంబంధం..."

"పోతే పోనీ. చిత్రకు నేను చెప్పుకుంటాను. ఇంకొక తూరి కడుపునొప్పని చెప్పను నాకు బలం లేదు."

పొద్దుటి నుంచి నోరు విప్పని హరికృష్ణన్ తల్లి భుజం మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. జనమంతా చూస్తున్నారు. రంగమ్మాళ్ వాళ్లను చూడనిచ్చింది.